ఉప్పుగాలిలో సొరుగు

ఈ ఉదయం ఆఫీసులో కొత్త బల్ల సొరుగు లాగితే, చప్పుడైనా లేకుండా జారి వచ్చింది. అంత నునుపుగా కదిలే వస్తువు ఇతరులకు ముచ్చట గొలుపుతుందేమో. నాకు మాత్రం వడ్రంగి సత్యానందం గారు గుర్తొచ్చి మనసు బరువెక్కుతుంది.

అంతర్వేది దగ్గర మా ఊరి చర్చికి బల్లలు, బీరువాలు చేసింది ఆయనే. ఆయన సొరుగుల్లో ఇనుము ఉండేది కాదు. రెండు పక్కలా టేకు బద్దలు, వాటి మీద జారే గాడి, అంతే. చెమ్మకు చెక్క ఉబ్బుతుంది కనుక, ముసురు పట్టిన రోజుల్లోనే సొరుగును సరిచూసి అమర్చేవారు. ఆరాధనలో కాలి మిగిలిన కొవ్వొత్తి ముక్కలు దాచుకుని బద్దలకు రుద్దేవారు. చిన్నప్పుడు నేను ప్రతిదానికీ ఎందుకని అడిగితే, ఉలి పక్కన పెట్టి మరీ చెప్పేవారు. "అమ్మాయిగారూ, మీతో నా రంపం కంటే ముందు నా నోరరిగిపోద్దండి!"

కాలేజీ డిబేట్లలో నేను వరుసగా నెగ్గుతున్న రోజుల్లో, చర్చి రిజిస్టర్ల బీరువా సొరుగులకు టేకు బద్దల బదులు స్టీలు చానెళ్ళు పెట్టించాలని పెద్దలు తలపెట్టారు. సమావేశంలో ఆయనొక్కరే అడ్డుచెప్పారు.

"సముద్రం ఎదురుగుండా ఉందండి. ఉప్పుగాలికి ఇనుం నిలవదండి."

నేను లేచాను. "మీ భయం తుప్పు గురించా బాబాయిగారూ, మీ పనితనానికి విలువ పోతుందనా?"

అందరూ నవ్వారు. ఆయన నా వంక చూసి, "ఆయ్, బాగా మాట్లాడేరండి," అన్నారు. మేం కోరినట్టే చానెళ్ళు బిగించారు.

రెండు వానాకాలాలకే అవి తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. ఎవరికో బాప్తిస్మపు పత్రం అవసరమై సొరుగును పగలగొడితే, లోపల రిజిస్టరు పుటలు చెమ్మకు అంటుకుపోయి ఉన్నాయి. "ముసలాడి చెయ్యి తప్పిందండి," అన్నారొక పెద్ద. సత్యానందం గారు గుమ్మంలోనే నిలబడి విన్నారు. నేనూ అక్కడే ఉన్నాను. 'ఆయన వద్దన్నారు, పెట్టించింది నా వాదన' అని ఒక్క వాక్యం చెబితే సరిపోయేది. ఎంతటి వాదాన్నయినా ఖండించగల నా నోట ఆ వాక్యం రాలేదు. ఆయనా నా పేరెత్తలేదు.

చర్చి పని వేరొకరికి వెళ్ళింది. ఆ తర్వాత ఆయన ఎవరికీ సొరుగు చేయలేదు. తలుపులు, మంచాలతో సరిపెట్టుకున్నారు. చాలా నెలలకు ధైర్యం చేసి వెళ్ళాను.

"ఆ రోజు నేను చెప్పవలసింది, బాబాయిగారూ."

"చెప్తే మిమ్మల్ని చూసి నవ్వేవోరండి. నాకైతే అలవాటైపోయిందండి. కూర్చోండి, టీ తాగుదురుగాని."

ఆయన పోయాక, జ్ఞాపకార్థ కూటంలో బాగా మాట్లాడతానని నన్నే మాట్లాడమన్నారు. ఆ వాక్యం అక్కడ చెప్పాను. ఎవరూ నవ్వలేదు. వినవలసిన మనిషి మాత్రం లేరు. ఇప్పటికీ వాదనలో నెగ్గిన ప్రతిసారీ, ఎదుటివారు ఊరుకున్నది ఒప్పుకునా, మర్యాదకా అని నన్ను నేను ప్రశ్నించుకుంటాను. చాలాసార్లు జవాబు తెలియదు.