సమీకరణంలో లేని కుంపటి

"అప్పటికి హీటర్ ఆపి గంటయింది. ఆ మూల వేడి తగ్గాలి కదా, నీ కాగితంలో పెరిగిందేమిటి?" అని సారు నాలుగోసారి అడిగేసరికి నా గుండె గంప కింద కోడిపిల్లలా కొట్టుకుంది. ఐదేళ్ల లెక్కను ఐదు బొగ్గులతో మాడ్చిన ఘనురాలిని నేనే. వినండి.

అరకు దగ్గర కోళ్లఫారంలో, అప్పుడే పుట్టిన కోడిపిల్లల గదికి నేను కాపలా. గడియారం చూడటం వచ్చని ఇచ్చిన ఉద్యోగం. విశాఖపట్నం నుంచి పరిశోధనకొచ్చిన సారు తెచ్చిన హీటరుకి సగం వేడి, పావు వేడి అని లేవు. వేయడం, ఆపడం, అంతే. ఎప్పుడు వేసి ఎప్పుడు ఆపితే తక్కువ కరెంటుతో గదంతా వెచ్చగా ఉంటుందో ఆయన ఐదేళ్లు కూర్చుని పెద్ద సమీకరణం కట్టి, టైముల చీటీ ఇచ్చారు.

"వేడి ఒక్కసారే చేరదమ్మా, మెల్లగా పాకుతుంది. చీటీ ప్రకారం స్విచ్ నొక్కు, థర్మామీటర్లు చూసి రాయి. ఇంకేమీ చెయ్యకు."

ఆ చివరిమాట నా బుర్రదాకా పాకలేదు. మా కొండల్లో పురిటిగదిలో నిప్పు ఆరనివ్వం. హీటర్ ఆగగానే పిల్లలు ముద్దలా దగ్గరపడుతుంటే చూడలేక, దాణా డబ్బా చాటున కుంపటి పెట్టేదాన్ని. సారొచ్చే వేళకు తీసేసేదాన్ని. ఒకరి లెక్క కాలుతుంటే ఆ మంటలో కోడిపిల్లలను వెచ్చబెట్టిందట ఒకతె.

"నిజంగా చూసే రాశావా?" అన్నారు సారు.

"అమ్మతోడు సార్. ఉన్నదున్నట్టే రాసినాను."

మూడు రోజులు సారు లెక్క కొట్టేసి రాశారు, రాసి కొట్టేశారు. చివరికి పెట్టె సర్దుకున్నారు. "సమీకరణమే తప్పు. రేపు బస్సెక్కి మా గురువుగారికి చెప్పేస్తాను."

వంటచేసే సన్యాసమ్మత్త నన్ను పట్టుకుంది. "ఏటే గుంటా, ఆ బాబు అన్నం ముట్టనేదు. నీకేటైనా తెలుసేటి?"

"కుంపటెట్టినానత్తా. ఆయన అంకెల కోసం అడిగినారు గానీ నిప్పు కోసం అడగనేదు కదా."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది. బేగెల్లి సెప్పు."

కుంపటి పట్టుకెళ్లి సారు ముందు పెట్టి చెప్పేశాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"దీనికి స్విచ్ ఎక్కడ?"

"ఊదితే ఆన్ సార్. బూడిద కప్పితే ఆఫ్."

ఆయన పెట్టె మీద కూలబడి, కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వారు. "నా సమీకరణం బాగానే ఉందమ్మా. దాంట్లో నువ్వే లేవు."

సమీకరణంలో పేరులేని నిప్పును ఈ జన్మలో పిల్లల గది గడప దాటనివ్వనని అక్కడికక్కడే కోడిపిల్లల మీద ఒట్టేశాను.

మర్నాడు పొద్దున పొగమంచుకు సారు తన గదిలో వణుకుతూ లెక్కలు తిరగరాస్తున్నారు. చప్పుడు చెయ్యకుండా వెళ్లి కుంపటి ఆయన కాళ్లదగ్గర పెట్టొచ్చాను. సారు గది సమీకరణంలో లేదు కదా.