ఫారంలో రాయని మందు

మూడేళ్ల క్రితం జూన్ మొదటి వారంలో, ఐస్‌లాండ్ చుట్టూ పదిరోజులు తిరిగే ఒక చిన్న ఓడలో డాక్టరుగా చేరాను. అంతకుముందు అమెరికాలో నేపర్‌విల్ దగ్గరి ఒక ఆసుపత్రి ఎమర్జెన్సీ విభాగంలో ఇరవై ఎనిమిదేళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఎనిమిది నెలలు ఇంట్లో కూర్చునేసరికి విసుగొచ్చింది. ఓడలకు డాక్టర్లను పంపే ఏజెన్సీకి దరఖాస్తు పెడితే ఈ కాంట్రాక్టు దొరికింది.

పెద్ద క్రూయిజ్ ఓడల్లో ఆసుపత్రిలాంటి విభాగమే ఉంటుంది. మాది తొంభైమంది ప్రయాణికుల ఓడ. వైద్య విభాగమంటే నేను, రెండు మంచాలున్న ఒక గది, ఒక ఈసీజీ యంత్రం, గుండెకు షాక్ ఇచ్చే పరికరం, ఒక మందుల అలమర. నా భుజం మీద మూడు గీతలు ఉండేవి, అంటే అధికారి హోదా. అయినా ఓడలో చివరి మాట కెప్టెన్‌దే. రోగికి ఏం కావాలో డాక్టరు చెబుతారు, ఓడ ఎటు వెళ్లాలో కెప్టెన్ నిర్ణయిస్తారు. మా కెప్టెన్ నార్వే దేశస్థురాలు, తక్కువ మాట్లాడే మనిషి.

ప్రయాణికులు దాదాపు అందరూ అమెరికన్లు, అరవై దాటినవాళ్లు. వాళ్లలో ఒక్క తెలుగు జంట ఉంది. మోరిస్‌విల్ నుంచి వచ్చిన రామారావుగారు రిటైర్డ్ ఇంజినీరు, డెబ్బై ఒక్క ఏళ్లు. ఆయన భార్య వసుంధరగారు స్కూల్లో లెక్కల టీచరుగా పనిచేశారు. మొదటిరోజు భోజనాల బల్ల దగ్గర పరిచయమైంది. ఉత్తర ధ్రువ వృత్తం మీద ఉన్న గ్రిమ్సీ అనే దీవిలో అడుగుపెట్టాలని ఆయన పదేళ్లుగా అనుకుంటున్నారట. "అక్కడ నిలబడి ఫొటో తీసుకుంటే చాలండీ, ఇంకెక్కడికీ ట్రావెల్ చేయనని మాటిచ్చారు," అని ఆవిడ నవ్వారు.

మూడోరోజు మధ్యాహ్నం వాయవ్య మూలన, రోడ్లూ ఊళ్లూ లేని ఒక తీరంలో ఆగాం. అలాంటి చోట రేవు ఉండదు. రబ్బరు పడవల్లో పదిమంది చొప్పున ఒడ్డుకు చేరుస్తారు. ఆ పడవల్లో ఒకదాంట్లో డాక్టరు తప్పనిసరిగా వెళ్లాలన్నది నియమం. గాలి కత్తిలా కోస్తోంది. కొండ అంచున పక్షుల్ని చూసి తిరిగి వస్తుండగా రామారావుగారు ఒక రాతి మీద కూలబడిపోయారు. ముఖం పాలిపోయి, ఆ చలిలోనూ నుదుటి మీద చెమట పట్టింది. నాడి పట్టి చూస్తే నిమిషానికి ముప్పై ఆరు.

ఇద్దరు నావికులు స్ట్రెచర్ మీద ఆయన్ని పడవలోకి చేర్చారు. పావుగంటలో ఓడలోని నా గదిలో ఉన్నారు. ఈసీజీలో గుండెపోటు గుర్తులు లేవు, కొట్టుకోవడం మాత్రం చాలా నెమ్మది. బీపీ పడిపోయి ఉంది. నాడి వేగం పెంచే ఇంజెక్షన్ ఇస్తే యాభైకి ఎక్కి, కాసేపట్లో మళ్లీ నలభైకి దిగింది. అవసరమైతే బయటినుంచి గుండెను నడిపించడానికి ఛాతీకి ప్యాడ్‌లు అంటించాను.

కెప్టెన్ గుమ్మంలో నిలబడి, హెలికాప్టర్ పిలవాలా అని అడిగారు. పొగమంచు దిగుతోందని, ఊగే ఓడ మీదనుంచి మనిషిని తాడుతో పైకి లాగాల్సి వస్తుందని కూడా చెప్పారు. నాడి నలభై ఉన్న మనిషిని అలా గాల్లోకి ఎత్తడమంటే నాకు భయమేసింది. ఆసుపత్రి ఉన్న ఊరు వెనక్కి నాలుగు గంటల ప్రయాణం. ఆ నాలుగు గంటల్లో ఈ గుండె ఇంకా నెమ్మదించదని చెప్పగలనా? కారణం తెలియకుండా చెప్పలేను. పది నిమిషాలు టైమ్ అడిగాను.

ఆయన ఆరోగ్య ఫారంలో రెండే మందులు ఉన్నాయి. ఒకటి బీపీకి, గుండె వేగాన్ని తగ్గించే రకం. రెండోది కొలెస్ట్రాల్‌కి. వసుంధరగారిని అడిగాను, "టాబ్లెట్ పొరపాటున రెండుసార్లు వేసుకున్నారా?"

"లేదండీ. డబ్బాలోంచి తీసి నేనే ఇస్తాను. నేను మిస్ అవను."

"ఇంకేమైనా మందు వేసుకున్నారా?"

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించారు. "మందులేం లేవు. కంట్లో చుక్కలు వేసుకున్నారు, అంతే. గ్లకోమాకి."

మంచం మీదనుంచి రామారావుగారు నీరసంగా అందుకున్నారు. "ఈ గాలికి కళ్లు ఒకటే నీరు కారుతున్నాయి డాక్టర్ గారూ. చుక్క నిలవలేదేమోనని మళ్లీ వేశాను."

"ఎన్నిసార్లు వేశారు?"

"నిన్నటినుంచి... గంటకోసారి అనుకోండి."

కోటు జేబులోంచి సీసా తీసి చూశాను. అది కూడా గుండె వేగాన్ని తగ్గించే కుటుంబానికి చెందిన మందే. కంట్లో వేసిన చుక్క ముక్కులోకి దిగి, అక్కడినుంచి రక్తంలో కలుస్తుంది. రోజుకి రెండు చుక్కలు వేసుకోవాల్సిన మనిషి, మాత్ర వేసుకుంటూనే పాతిక దాకా వేసుకున్నారు. చుక్కలు ఆపితే ప్రభావం గంటగంటకీ తగ్గుతుంది. ఒడ్డునున్న గుండె వైద్యునితో శాటిలైట్ ఫోన్‌లో మాట్లాడాను. ఆయనా అదే అన్నారు. హెలికాప్టర్ వద్దు, ఓడను వెనక్కి తిప్పమని కెప్టెన్‌కి చెప్పాను. ఆవిడ ఒక్క ప్రశ్నా వేయలేదు. గ్రిమ్సీ రద్దయిందని మైకులో ప్రకటించింది కూడా ఆవిడే.

నాలుగు గంటలూ ఆయన పక్కనే కూర్చున్నాను. ఇంజెక్షన్ మరోసారి ఇవ్వాల్సి వచ్చింది. రేవు చేరేసరికి నాడి యాభై రెండు.

"నా వల్ల అందరి ట్రిప్పూ పాడైంది కదండీ," అన్నారాయన. అంతమంది ప్రయాణికుల్లో ఒక్కరే ఫిర్యాదు చేశారని, మిగతావాళ్లు ఆయన ఎలా ఉన్నారని అడుగుతున్నారని చెప్పాను. అది నిజమే.

ఆసుపత్రిలో రెండు రాత్రులు ఉంచుకున్నారు. పేస్‌మేకర్ అవసరం లేదని తేల్చి, చుక్కలు మార్చి పంపారు. భార్యాభర్తలిద్దరూ బస్సుల్లో ఉత్తర తీరం వెంట వచ్చి, తిమింగలాలు కనబడే హుసావిక్ అనే రేవులో మళ్లీ ఓడెక్కారు. "బస్సులో వచ్చాం కాబట్టి మీకంటే ఎక్కువ దేశం చూశాం," అన్నారు వసుంధరగారు.

ఓడ వైద్య లాగ్‌లో జరిగింది జరిగినట్టు రాశాను. ఎక్కినరోజు రామారావుగారి ఫారం చూసి సంతకం పెట్టింది నేనే. "మీరేం మందులు తీసుకుంటారు?" అని ఇంగ్లిష్‌లో అడిగాను. తీసుకోవడమంటే మింగడమనే ఆయనకు తట్టింది. ఇరవై ఎనిమిదేళ్లు ఎమర్జెన్సీలో పనిచేసిన నాకు ఇంకో ప్రశ్న వేయాలని తోచలేదు. ఆ సంగతీ లాగ్‌లో చేర్చాను. కెప్టెన్ చదివి, తన సంతకం పెట్టి, ఇది తరువాత వచ్చే డాక్టరుకి పనికొస్తుందని మాత్రం అన్నారు.

మింగేవి ఏమిటని అడిగితే మింగేవే చెబుతారు. కంట్లో, ముక్కులో, చర్మం మీద వేసుకునేవాటిని విడివిడిగా అడగాలి, వీలైతే కళ్లతో చూడాలి. మరుసటి ఏడాది అదే ఓడలో, ఎక్కినరోజే అందరినీ తమ మందుల సంచీతో నా గదికి రమ్మన్నాను. పన్నెండుమంది కంటి చుక్కల సీసాలు తెచ్చి బల్ల మీద పెట్టారు. వాళ్లలో ఏడుగురి ఫారాల్లో వాటి ఊసే లేదు.