టీకా వ్యాసానికి ఒకే ఒక్క శ్రోత

అరవై తొమ్మిదిలో నేను చిక్కడపల్లిలో ఒక గదిలో అద్దెకుంటూ, విశ్వవిద్యాలయంలో జర్నలిజం డిప్లొమా చదివేవాణ్ణి. ఆరోగ్య విషయాలు పత్రికల్లో ఎలా రాయాలన్నది నా పరిశోధన. మశూచి టీకా మీద వ్యాసం రాసి, ఇళ్లలో చదివి వినిపించి, ఫలితాన్ని నివేదికగా ఇవ్వాలి. మా ఆచార్యులు ఒకటే షరతు పెట్టారు: "నీ వ్యాసం విని ఒక్క ఇంటివాళ్లయినా టీకాకి బయలుదేరాలి. లేకపోతే వచ్చే ఏడు మళ్లీ రాయి."

పద్ధతి ప్రకారం పని చేయడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. మూడు పేజీల వ్యాసానికి నలభై ప్రశ్నల పట్టిక తయారుచేశాను. దాంతో అశోక్ నగర్‌లో పది ఇళ్లు తిరిగాను. కాఫీ ఇచ్చారు, శ్రద్ధగా విన్నారు, "మా పిల్లలకి ఎప్పుడో వేయించేశామండీ" అన్నారు. ఊరు ఆరోగ్యంగా ఉందని సంతోషించాల్సింది పోయి దిగులుపడ్డానని ఆనాటి డైరీలో ఉంది.

టీకా పడని బిడ్డ చివరికి నేనుండే ఇంట్లోనే దొరికింది. ఇంటి యజమానురాలి మనవరాలు, ఏడాదిన్నర పిల్ల. బక్కపిల్ల, తట్టుకోలేదని నాయనమ్మ వాయిదా వేస్తూ వచ్చింది. ఆవిడ మాటకు ఆ ఇంట్లో ఎదురులేదు. ఒక ఆదివారం పొద్దున ఆవిడ అరుగు మీద బియ్యం ఏరుకుంటుంటే, ఎదురుగా కూర్చుని వ్యాసమంతా చదివాను.

"మంచిగ రాసినవ్ సారూ," అంది. "పెద్దోళ్లు గూడ మూడేండ్లకోసారి ఏపిచ్చుకోవాలె అన్నవ్ గద. నువ్వెప్పుడు ఏపిచ్చుకున్నవ్?"

"చిన్నప్పుడు, పిన్నిగారూ."

"చిన్నప్పుడంటే?"

"రెండో తరగతిలో."

"అంటే ఈ ముచ్చట్లన్నీ మాకేనా, నీకు గాదా? మీ ఆంధ్రోళ్లు గింతే!"

నలభై ప్రశ్నల్లో నన్ను నేను అడగాల్సింది ఒక్కటీ లేదు. రెండో తరగతిలో నా చేయి వాచి, వారం రోజులు అన్నం అమ్మే కలిపి పెట్టింది. అప్పటి నుంచి టీకాల వాళ్లు వీధి మొదట్లో కనిపిస్తే చాలు, నాకు గ్రంథాలయంలో పని గుర్తొచ్చేది.

"నువ్వు నా కండ్ల ముంగట ఏపిచ్చుకో. అప్పుడు పిల్లను ముట్టనిస్త," అంది ఆవిడ.

మర్నాడు ముగ్గురం రిక్షాలో నారాయణగూడ దవాఖానాకు వెళ్లాం. చొక్కా చేయి మడుస్తూ, ఇదేం పెద్ద విషయం కాదని పిల్లకి చెబుతున్నంత వరకే నాకు గుర్తు. కళ్లు తెరిచేసరికి బల్ల మీద ఉన్నాను, చేతికి అప్పటికే టీకా వేసేశారు. ఆవిడ కొంగుతో విసురుతోంది.

"గింత పెద్దోడివి పడిపోయినవ్, మల్ల లేచినవ్. నా మనవరాలు నీకన్న గట్టిది," అని పిల్లని నర్సు ముందుకు తీసుకెళ్లింది. పిల్ల కాసేపు ఏడ్చి, నర్సు గాజులు పట్టుకుని ఊరుకుంది.

నాకు పరిశోధన గుర్తొచ్చింది. పడుకునే అడిగాను: "పిన్నిగారూ, వ్యాసంలో ఏ పేరా మిమ్మల్ని ఒప్పించింది?"

"ఏం పేరానయ్యా! ముందు ఆ సోడ తాగు."

వారం రోజుల తర్వాత పిల్లకి చేయి వాచి జ్వరం వచ్చింది. నాకూ వచ్చింది. నా వ్యాసంలో జ్వరం ఊసే లేదు. జనం భయపడతారని తీసేశాను. ఆవిడ నా గది గుమ్మంలో నిలబడి, "కాయితం తీయ్," అంది. "జరమొస్తదని ముందుగాల రాయి. రెండు రోజులల్ల పోతదని రాయి. గోకొద్దని రాయి. అంత మంచిగనే ఉంటదంటే ఎవరు నమ్ముతరు? జరమొచ్చినంక పరేషానైతరు."

దుప్పటి కప్పుకుని నాలుగో పేజీ రాశాను. పిల్ల రెండు రోజుల్లో కోలుకుంది. నాకు నాలుగు రోజులు పట్టింది.

ఆచార్యులు పాస్ చేశారు. మొదటి మూడు పేజీలు పక్కన పెట్టి, నాలుగోది ఒక్కటే అచ్చుకు పనికొస్తుందన్నారు. అది మా ఇంటి యజమానురాలు చెప్పి రాయించిందని చెప్పడానికి నోరు తెరిచాను. ఈలోగా ఆయన తర్వాతి విద్యార్థిని పిలిచారు. నేనూ అంత గట్టిగా ప్రయత్నించలేదు.