రైలు పట్టా మీద పసుపు సున్నా

మా అక్క మొగుడు గూడ్సు లైను మీద సెక్షన్ ఇన్‌స్పెక్టరు. ఇరవై రెండు కిలోమీటర్ల పట్టాలకు ఆయనదే పూచీ. ట్రాలీ మీద గొడుగు కింద కూర్చుని, పట్టాలు బాగుచేసే గ్యాంగువాళ్లం నలుగురం వెనక నుంచి తోస్తుంటే, కునికిపాట్లు పడుతూ వాటిని తనిఖీ చేసేవాడు. దిగగానే రిజిస్టరు తెప్పించుకుని ‘అంతా సవ్యం’ అని రాసి సంతకం పడేసేవాడు. ఇలాంటివాడికి మళ్లీ వంగి వంగి నమస్కారాలు!

ఇంటి సంగతి వేరు. కొత్తగా కట్టించిన గోడ వెంట్రుకవాసి బీటవారితే, రోజూ పొద్దున్నే కళ్లద్దాలు పెట్టుకుని, స్కేలుతో కొలిచి, పక్కన పెన్సిలుతో తారీఖు వేసేవాడు. మేస్త్రీని పిలిపించి చెడామడా దులిపేసేవాడు. ఆ శ్రద్ధలో కాస్తయినా లైను మీద చూపించి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

మా లైనుకు ఒక కీమ్యాను ఉండేవాడు. రోజూ నడుస్తూ పట్టాలు చూసుకోవడం అతని పని. చేతిలో ఎప్పుడూ సుత్తి ఉంటుంది కాబట్టి అందరం సుత్తి మామ అనేవాళ్లం. ఒకరోజు మలుపు దగ్గర పట్టాలో చీలిక కనిపించి, దాని చుట్టూ పసుపు రంగుతో సున్నా చుట్టి, ఒగర్చుకుంటూ వచ్చాడు.

“అయ్యా, ఆ పట్టా మార్చాలి. మార్చేదాకా బండ్లు మెల్లగా పోవాలి.”

“బండ్లు ఆలస్యమైతే అడిగేది నన్ను, నిన్ను కాదు. ఎల్లుండి పెద్దాఫీసరు వస్తున్నాడు. ముందు ఆ రంగు కనపడకూడదు,” అన్నాడు మా బావ.

కిరసనాయిలు గుడ్డ నా చేతికిచ్చాడు. వెళ్లి తుడిచాను.

పెద్దాఫీసరు వచ్చి వెళ్లిన నాలుగో రోజున పట్టా సరిగ్గా అక్కడే విరిగింది. పదకొండు బొగ్గు వ్యాగన్లు పడిపోయాయి. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. మా బావకు చీమ కుట్టినట్టయినా లేదు. ‘కీమ్యాను సరిగా చూసుకోలేదు’ అని రాసి చేతులు దులుపుకున్నాడు.

అదే ఖాయమైతే సుత్తి మామ ఉద్యోగం ఊడుతుంది. “గుర్తు పెట్టానండీ, ఎవరో తుడిచేశారు. నేనొచ్చి చెప్పినప్పుడు గ్యాంగులో ఈ అబ్బాయి అక్కడే ఉన్నాడు, అడగండి,” అని ఎంక్వైరీలో నా పేరు చెప్పాడు.

నన్ను లోపలికి పిలిచే ముందు బావ నా భుజం మీద చెయ్యేశాడు. “తుడిచింది నువ్వేరా. మర్చిపోకు.”

ఎంత నీచుడో చూడండి. లోపలికి వెళ్లాను. రంగు చూశావా అని అడిగారు. “ఏ రంగూ లేదండీ,” అన్నాను. నీళ్లు నమల్లేదు, తడబడలేదు.

ఉద్యోగం పోయిన రోజున సుత్తి మామ సామాన్లు ఆఫీసులో అప్పగించి నా దగ్గరికి వచ్చాడు. తిడతాడనుకున్నాను. కొడతాడేమోనని కూడా అనుకున్నాను.

“నీ ఇబ్బంది నాకు తెలుసులే బాబూ. మీ అక్క కాపురం ఏమవుతుందోనని అలా చెప్పావు,” అన్నాడు.

అవునన్నట్టు తలూపాను. ఆ గదిలో ఉన్నంతసేపూ మా అక్క నాకసలు గుర్తుకే రాలేదు.