తీతువుల గుట్ట మీద రెండు వేసవులు

మొన్న శ్రావణ శనివారం గండి గుడిలో దర్శనం చేసుకుని వస్తుంటే, మా మనవరాలు అంగట్లో ప్లాస్టిక్ దుర్భిణి కొనిపించుకుని, పాపఘ్ని ఒడ్డున నిలబడి అవతలి కొండవైపు చూస్తూ కేరింతలు కొట్టింది. ఆ పిల్లను ఎవరూ పట్టించుకోలేదు. మన ఈడువాళ్లకు చెప్పనక్కర్లేదు, ఒకప్పుడు మన జమ్మలమడుగు పల్లెల్లో గుట్టెక్కి ఎవరైనా అలా చూస్తే, అతను ఏ పార్టీ మనిషో, ఎవరి కోసం కాపు కాస్తున్నాడో అని కింద ఊళ్లన్నీ కలవరపడేవి.

ఆ రోజుల్లోనే, నేను కొత్త కోడలిగా ఉన్నప్పుడు, పక్షుల మీద పరిశోధన చేసే ఒక అక్క పట్నం నుంచి వచ్చి, మా ఊరి వెనక రాళ్లగుట్ట మీద గుడ్లు పెట్టే తీతువు పిట్టలను చూడటానికి తోడుగా ఒక ఆడమనిషి కావాలని మా మామను అడిగింది. వేసవిలో పొలం పనులు ఉండవు కాబట్టి ఆయన సరేనన్నాడు. ఊరంతా ఆమెను పిట్టలక్క అనేది. తీతువు గూడంటే గులకరాళ్ల మధ్య చిన్న గుంట, అంతే; గుడ్లు కూడా రాళ్ల రంగులోనే ఉంటాయి కాబట్టి అడుగు చూసి వేయాలి. ఎండ మండే వేళ తల్లిపిట్ట కుంటకు పోయి, పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి, ఆ తడితోనే గుడ్ల మీద కూర్చునేది. తుమ్మచెట్టు నీడన కూర్చుని, దుర్భిణిలోంచి అదంతా చూసి అక్కకు చెప్పడం నా పని. తీతువు అరిస్తే చావు వస్తుందని వింటూ పెరిగిన నేను, ఆ అరుపు బిడ్డల కోసం పడే ఆరాటమేనని ఆమె దగ్గరే తెలుసుకున్నాను. ఊరివాళ్ల భయాన్ని తలుచుకుని ఇద్దరమూ నవ్వుకునేవాళ్లం. పిట్టలు కదలని వేళల్లో ఆమె పుల్లతో నేల మీద అక్షరాలు గీసి నాతో దిద్దించేది.

ఆమె మళ్లీ వచ్చిన రెండో వేసవిలో ఎన్నికలు వచ్చాయి. మా మామ తమ్ముడు ఒక పార్టీ, గుట్ట కింద బత్తాయి చెట్ల చీనీతోట ఉన్న పక్క ఊరి పెద్దాయన ఇంకో పార్టీ. ఒక సాయంత్రం చిన్నమామ తన మనుషులతో మా వసారాలో కూర్చుని నన్ను పిలిచాడు.

"ఏం కోడలా, మీ పిట్టలక్క దుర్భిణిలో ఆ చీనీతోటకాడికి ఎవరొస్తాండారో మొగం తెలుస్తాదా?"

"పిట్టలు తప్ప ఏం తెలీదు మామా."

"పిట్ట కన్ను కనపడేదాంట్లో మనిషి మొగం కనపడదా? మమ్మల్ని ఎర్రోళ్లను చేస్తాండావే! రేప్పొద్దున నేనూ వస్తా. ఆయప్ప ఏ యాళకు వస్తాడో, ఎమ్మట ఎందరుంటారో సూద్దాం. మామకు పిట్టల మీద శానా మోజు పుట్టిందని మీ అక్కకు చెప్పు."

అందరూ నవ్వారు. వాళ్లు దేనికి కాపు కాయబోతున్నారో నాకు మాత్రం అర్థమైంది. అక్కకు నిజం చెబితే ఆమె నేరుగా పోలీసుల దగ్గరికి పోయే మనిషి. పోతే ఆమెనూ బతకనివ్వరు, నన్నూ బతకనివ్వరు. చెప్పకుండా ఊరుకుంటే మా దుర్భిణి సాయంతోనే ఆ పెద్దాయన ప్రాణం పోతుంది. అందుకే తెల్లవారగానే ఆమె దిగిన బడి గదికి పోయి, నోటికొచ్చిన అబద్ధం చెప్పాను.

"తీతువు అరిచేకాడ ఆడది కూచుంటే ఆ ఇంటికి చావంట అక్కా. నేనింక రాను. నువ్వూ మా గుట్ట ఎక్కొద్దు. మొదటి బస్సుకు పో."

ఆమె కోప్పడలేదు. "నేడో రేపో గుడ్లు పగులుతాయి కదే" అంది మెల్లగా. తర్వాత, "నువ్వు కూడా నమ్ముతావా అది?" అని అడిగింది. నమ్ముతానన్నాను. అంతవరకు నా మొహంలోకి చూస్తున్న మనిషి, తల దించుకుని సామాన్లు సర్దుకోవడం మొదలుపెట్టింది. ప్రొద్దుటూరు బస్సెక్కేటప్పుడు కూడా నావైపు చూడలేదు.

"పిట్టలక్కే ఎగిరిపాయనే!" అని చిన్నమామ అనుమానంగా నన్ను చూశాడు గానీ, మరేమీ అనలేదు. ఆ వేసవి చీనీతోటలో ఎవరి నెత్తురూ పడలేదు. గుడ్లు పగిలాయో లేదో చూడటానికి ఆ గుట్ట ఎక్కే ధైర్యం నాకు మళ్లీ రాలేదు.

ఇప్పుడు గుట్టను చదును చేసి ఇళ్ల స్థలాలకు రాళ్లు పాతారు. తీతువులు ఎటు పోయాయో తెలియదు. చిన్నమామ మనవడూ, చీనీతోట పెద్దాయన మనవడూ ఒకే పార్టీ కండువాలతో ఒకే బ్యానరు మీద నవ్వుతున్నారు. అక్కతో ఆగిపోయి, మళ్లీ ముసలితనంలో నేర్చిన చదువుతో ఆ పేర్లు కూడబలుక్కుని చదువుతుంటాను. ఆనాటి నిజం ఈరోజు నడివీధిలో నిలబడి చెప్పినా ఎవరి ప్రాణానికీ ముప్పు లేదు. వినవలసిన అక్క ఎక్కడుందో, అసలు ఉందో లేదో. ఉంటే మాత్రం, తీతువు అరుపుకు భయపడి తనను వెళ్లగొట్టిన మనిషిగానే నన్ను తలుచుకుంటూ ఉంటుంది.