ఎడమ భుజానికి చెకుముకి తుపాకీ

పోయిన ఆదివారం డ్రెస్డెన్ ఊరవతల గురి మైదానంలో మా అమ్మాయి తన చెకుముకి తుపాకీ పేల్చింది. రాయి ఉక్కుకు తగిలి నిప్పురవ్వలు రాలడం, పక్కనున్న చిన్న పళ్లెంలో మందు భగ్గుమనడం, ఆ తరవాత రెప్పపాటుకు గాని గుండు గొట్టం దాటకపోవడం, ఇదంతా నోరు తెరుచుకుని చూస్తున్న నన్ను చూపించి అక్కడి పెద్దమనుషులు, ఆ అమ్మాయి తండ్రి ఈయనే అని ఒకరికొకరు చెప్పుకున్నారు. ఈ దేశంలో ఇన్నేళ్లుగా నన్ను ఎవరెవరో ఎలాగెలాగో పరిచయం చేశారు గానీ, ఇంతగా నచ్చిన పరిచయం మరొకటి లేదు. ఇంటికొచ్చాక కూడా చొక్కాకు పట్టిన ఆ మందు వాసన పోలేదు. ఆ వాసనతోనే పాత సంగతులన్నీ కదిలాయి.

నాతోపాటు ఈ దేశం వచ్చినవాళ్లకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. వరంగల్ నుంచి మాగ్డెబర్గ్‌కు చదువుకోవడానికి వచ్చినప్పుడు మినప్పప్పు కావాలంటే బెర్లిన్ దాకా వెళ్లి, దోస్తులందరికీ సంచుల్లో మోసుకొచ్చేవాళ్లం. తరవాత డ్రెస్డెన్‌లో యంత్రభాగాల నమూనాలు గీసే ఉద్యోగం దొరికింది, పెళ్లయింది, పాప పుట్టింది. గీత గీస్తే వెంట్రుకవాసి తేడా రానివ్వడని ఆఫీసులో నాకు పేరు. ఆ పేరు తలకెక్కి, ఇంట్లో మనుషులను కూడా నమూనా ప్రకారమే ఉండాలనేవాణ్ణి.

పాపది పుర్రచెయ్యి. కీటాలో, అంటే ఇక్కడి బాలవాడిలో, టీచరమ్మ అదేమీ తప్పు కాదని ఎంత చెప్పినా వినకుండా, రోజూ సాయంత్రం పక్కన కూర్చుని పెన్సిలు కుడిచేతికి మార్చేవాణ్ణి. మా ఆవిడ వంటింట్లోంచే కేకేసేది. “పిల్ల ఏ చేత్తోనన్న రాసుకోనియ్యరాదూ! మీ ఆఫీసు మిషననుకున్నరా?” నేను వినలేదు. పాప ఏడవలేదు, మొండికెయ్యలేదు, చెయ్యి మార్చుకుంది. అది నా గెలుపనుకున్నాను.

మన పిల్లలంతా కంప్యూటర్ల వైపు వెళ్తుంటే మా అమ్మాయి అడవుల చదువు చదివింది. మొదట సణిగినవాణ్ణే, ఆమె కష్టమైన వేట లైసెన్సు పరీక్ష గట్టెక్కిన రోజున మాత్రం కనబడ్డవాడికల్లా ఫోను చేసి చెప్పాను. ఏం కావాలో కోరుకోమంటే, పూర్వం ఇక్కడి అడవుల్లో వేటగాళ్లు మోసిన పొట్టి చెకుముకి తుపాకీ లాంటిది ఒకటి చేయించమంది. వేటకు కాదు, గురి చూసి కాల్చుకోవడానికి. కొండల్లో ఒక తుపాకుల మేస్త్రీ దగ్గర అసలుది ఒకటి ఉందని తెలిసి, నేనొక్కణ్ణే వెళ్లి కొలతలు తీసుకున్నాను. ఎనిమిది పలకల గొట్టం, భుజానికి ఆనే అక్రోటు చెక్క మడమ, మడమలో పక్కకు జరిగే మూతతో చిన్న అర, చెంప ఆనడానికి చెక్కలోనే వదిలిన ఉబ్బు, అన్నీ చలికాలమంతా కూర్చుని గీశాను. ఉద్యోగంలో కూడా అంత ఇష్టంగా ఏదీ గియ్యలేదు.

వసంతంలో అమ్మాయిని వెంటబెట్టుకుని ఆ మేస్త్రీ దగ్గరికి వెళ్లాను. కాగితాలు పరిచాను. ఆమె అన్నీ చూసి “సూపర్, నాన్నా” అంది. చెక్క కోయబోయే ముందు అందరినీ అడిగినట్టే ఆయన ఒక బద్ద ఆమె చేతికిచ్చి, కళ్లు మూసుకుని భుజానికెత్తమన్నాడు. బద్ద తిన్నగా ఎడమ భుజానికి వెళ్లింది. కళ్లు తెరిచి, నేను చూస్తున్నానని గమనించి, నవ్వుతూ గబుక్కున కుడి భుజానికి మార్చేసింది.

ఆ గబుక్కున మార్చడం నాకు తెలుసు. పెన్సిలు మార్చినట్టే మార్చింది. వేట పాఠాల్లో మొదటినుంచీ ఎడమవైపే కాలుస్తోందట, నాకు చెప్పలేదు. నా బొమ్మలో మందు పళ్లెం కుడిపక్క ఉంది. ఎడమ భుజానికి ఆనించి కాలిస్తే ఆ మంట ఆమె కళ్లముందే లేస్తుంది. అది తెలిసి కూడా నా కష్టం వృథా కాకూడదని సూపర్ అంది.

“పాస్ట్ షోన్, పర్లేదు నాన్నా. కుడితో కూడా అలవాటే నాకు. మీరు వింటరంతా కూర్చుని గీశారు కదా.”

“గీతలదేముందే, మళ్లీ గీస్త. నీ చెంప ఏ పక్క ఆనుతదో అది చెప్పు.”

ఆమె బద్దను బల్ల మీద పెట్టేసింది. తరవాత ఎడమ చెంప తాకి చూపించింది.

అద్దంలో బొమ్మలా అంతా తిరగేసి గీశాను. అలా తిరగేసిన చెకుముకి యంత్రం బజారులో దొరకదు గనుక మేస్త్రీ దాన్ని విడిగా చేయాల్సి వచ్చింది, మరో చలికాలం గడిచింది. నేను గీసినవాటిలో అసలుకు సరిపోలని నమూనా అదొక్కటే, గర్వంగా చెప్పుకునేదీ అదే.

ఇప్పుడు మా ఊళ్లో తెలుగు కుటుంబాలు బోలెడు. మొన్న మా ఇంటికి భోజనానికొచ్చిన ఒక జంట కూతురు లడ్డూ కోసం ఎడమచెయ్యి చాపింది. వాళ్ల అమ్మ ఏమీ అనలేదు, నాన్న అసలు గమనించనే లేదు. ఆ చెయ్యి కాదమ్మా అని నా నోటిదాకా వచ్చింది. మింగేసి, ఆ అరచేతిలోనే లడ్డూ పెట్టాను. ఎదురుగా కూర్చున్న మా అమ్మాయి అది చూసి తల దించుకుంది. అంత చిన్న మాట మింగడం, మా అమ్మాయి ఆ పిల్లంత ఉన్నప్పుడు నాకు చేతకాలేదు.