వల కోయలేని చెయ్యి

గస్తీ ఓడ బయల్దేరిన తొమ్మిదో రోజుకి మేం కాపలా కాయాల్సిన చోటికి చేరాం. చోటంటే ఏమీ లేదు. చుట్టూ నీళ్ళు. మన తీరం నుంచి రెండు వందల మైళ్ళు ఎప్పుడో దాటేశాం. అక్కడ సముద్రం ఎవరి సొత్తూ కాదు. ఓడ ఏ దేశపు జెండా కట్టుకుంటే దానికి ఆ దేశపు చట్టమే. వాళ్ళు ఒప్పుకోకుండా మనం ఆ ఓడ ఎక్కకూడదు. మరి మీరెందుకయ్యా అక్కడ, అని మా ఊళ్ళో ఇప్పటికీ అడుగుతారు. చూడటానికి, చూసింది రాయటానికి. చూసేవాడు లేకపోతే దొంగవేటకి అడ్డేముంది?

ఉదయం ఆరూ నలభై. ఈశాన్యపు గాలి. మీటరు ఎత్తు అల. జాడ తెలిపే యంత్రాన్ని ఆపేసుకున్న చేపల ఓడ ఒకటి కనిపించింది. రేడియోలో పిలిచాం. జవాబు లేదు. మమ్మల్ని చూసి వల తెంచుకుని పారిపోయింది. ఫొటోలు తీశాం, వేళా చోటూ రాశాం. వల మాత్రం అక్కడే తేలుతోంది. వేసినవాడు పోయినా వల పని మానదు. అందులో ఐదు తాబేళ్ళు చిక్కాయి. ఊపిరికి పైకి రాలేకపోతే అవి చస్తాయి.

రబ్బరు పడవ దించారు. నడిపే అతను, నేను, బోసన్. బోసన్ అంటే డెక్కు పనికి పెద్ద. పూసపాటిరేగ తీరం మనిషి, నోరు తెరిస్తే తిట్టే. మాది కళింగపట్నం పక్కన. ఇద్దరం చేపల వేటకెళ్ళే ఇళ్ళలో పుట్టినవాళ్ళమే.

రేడియోలో కెప్టెన్: "నలభై నిమిషాలు. గాలి పెరుగుతోంది. ఆ తర్వాత వచ్చెయ్యాలి."

మొదటి తాబేలు మెడకీ రెక్కకీ వల ముడులు పడ్డాయి. నేను కత్తి పక్కన పెట్టి ముడులు విప్పడం మొదలుపెట్టాను. నా బుద్ధికి ఏం చెప్పను! మా ఇళ్ళలో వల చిక్కుపడితే విప్పుతారు, కోయరు. చిన్నప్పుడోసారి కోసినందుకు నాన్న నా వీపు చీరేశాడు. ఇది దొంగ వల అని నాకు తెలుసు. నా చేతికే తెలియలేదు.

"ఒరే, ఏటి సేత్తన్నావురా?"

"ముడి వచ్చీసింది మావా, ఇంకొక్కటే..."

"నీ ముడి తగలెయ్య! పేనం పోతన్నాదిరా! కొయ్యి!"

కోయలేకపోయాను. బోసన్ నన్ను నెట్టేసి ముందుకొచ్చాడు. వలని ఒకసారి కళ్ళకద్దుకుని బర్రున కోశాడు. తాబేలు కదల్లేదు.

"సూత్తా కూకున్నావేటి? రెండోది పట్టు!"

ఈసారి కోశాను. నైలాను తాడుకి బోసన్ అరచేతులు చీరుకుపోయాయి, ఆయన వాటివంకైనా చూడలేదు. ముప్ఫై ఎనిమిది నిమిషాలు. నాలుగు తాబేళ్ళు ఈదుకుంటూ పోయాయి. అందినంత వల ఓడ మీదికి లాక్కొచ్చాం.

ఒకటి చచ్చింది నావల్ల. రిపోర్టులో మాత్రం బోసన్ ఆలస్యం తనదేనని రాసి సంతకం పెట్టాడు. అసలు సంగతి ఓడలో ఎవరికీ చెప్పలేదు. అలాంటి మనిషి కింద పనిచేశానని నాకిప్పటికీ గర్వం.

సెలవు మీద ఆమదాలవలసలో రైలు దిగి ఇంటికెళ్ళాక నాన్నకి అంతా చెప్పాను. తిడతాడనుకున్నాను.

"నాకైనా సెయ్యాడదురా," అన్నాడు. "ఆయనకెలాగ ఆడిందో!"

ఉద్యోగం మానేసి ఏళ్ళయింది. ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది. చచ్చిన తాబేలుని బోసన్ విసిరెయ్యలేదు. నెత్తురోడే రెండు చేతులతో నీళ్ళలోకి దించి, "తప్పయిపోనాది తల్లీ" అన్నాడు. అది మునిగేదాకా దాని కిందనుంచి చేతులు తియ్యలేదు.